నిదానం

చౌటుప్పల్‌లో పొద్దున్నే హైవే పక్కన ఛాయ్ తాగుతూ పది నిమిషాలు నిలబడితే, ఈ ఊరి చుట్టుపక్కల ఏం జరుగుతున్నదో ఎవరూ చెప్పక్కర్లేదు. కంకర నింపుకున్న టిప్పర్లు పోతాయి. పసుప్పచ్చ జేసీబీలు పోతాయి. ట్రెయిలర్ ఎక్కి కూర్చున్న పొక్లెయిన్లు, మాస్టును నడుం వాల్చినట్టు పడుకోబెట్టుకున్న బోరుబండ్లు పోతాయి. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే ఈ దారిని ఒకప్పుడు తొమ్మిదో నంబరు రోడ్డు అనేవాళ్లు, ఇప్పుడది 65. 2012లో నాలుగు వరసలైంది. పంతంగి దగ్గర టోల్‌గేటు వచ్చింది. రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి దగ్గర మొదలై, దాదాపు 160 కిలోమీటర్లు చుట్టి ఇక్కడికే చేరుతుంది. 2016 దాకా ఇది నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి. జిల్లా మారింది, రోడ్డు నంబరు మారింది, కింద ఉన్న రాయి మాత్రం అదే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు.

ఆ రాయిని పగలగొట్టడానికి, మోయడానికి, తొలిచి నీళ్లు వెతకడానికి ఇన్ని యంత్రాలు వచ్చాయి. యంత్రాల వెంబడే వాటి జబ్బులూ వచ్చాయి. హోస్ పైపులు నొక్కేవాళ్లు, రేడియేటర్లు బాగుచేసేవాళ్లు, నాజిళ్లు చూసేవాళ్లు, సీలు కిట్లు మార్చేవాళ్లు రోడ్డు పక్క రేకుల షెడ్లలో కుదురుకున్నారు. ఆ షెడ్లలో జరిగే పనిలో సగం చేతిపని. అది అందరికీ కనిపిస్తుంది. మిగతా సగం ఆలోచన. పానా పట్టుకోకముందే జరిగిపోయే ఆ సగం గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ.

అది ఎలా మొదలవుతుందో చూడాలంటే ఆగిపోయిన యంత్రం దగ్గరికి పోవాలి.

"లేస్తలేదు మేస్త్రీ."

"ఏం లేస్తలేదు? బకెట్టా, బూమా, మొత్తం బండేనా?"

"మొత్తం. పొద్దున మంచిగనే ఉంటదన్నా. పదకొండైతే సాలు, సుస్తయితది."

మనిషికి వాడే సుస్తి అనే మాటను ఆపరేటర్ యంత్రానికి వాడాడు. అలవాటులో వచ్చిన మాటే అయినా అందులో మూడు ఆధారాలున్నాయి. మొత్తం బండి. పొద్దున బాగుంది. ఎండ ముదిరాక నీరసం. అనుభవం ఉన్న మేస్త్రీకి ఈ మూడూ చాలు, యంత్రంలో మూడొంతులు పక్కన పెట్టేయడానికి.

హైడ్రాలిక్ యంత్రం నిర్మాణాన్ని ఊరి చెరువుతో పోల్చుకోవచ్చు. ఒక చెరువు, ఒక తూము, కింద చాలా కాలువలు. పంపు తోసిన ఆయిల్ వాల్వ్ బ్లాకు దాకా ఒకటే దారిన వస్తుంది. అక్కడి నుంచి బూముకు, ఆర్ముకు, బకెట్‌కు, తిరిగే మోటారుకు విడిపోతుంది. ఒక్క మడి ఎండితే ఆ కాలువ చూడాలి. ఆయకట్టంతా ఎండితే తూము చూడాలి. బకెట్ ఒక్కటే బలహీనపడితే దాని సిలిండరు, దాని సీళ్లు, దాని వాల్వు. అన్నీ ఒకేసారి నీరసిస్తే అందరికీ ఉమ్మడిగా ఉన్నవే: ట్యాంకులో ఆయిల్, పంపు, మెయిన్ రిలీఫ్ వాల్వు, పీల్చే చోట ఉండే జల్లెడ. ఈ మొదటి విభజనకు పైసా ఖర్చు లేదు. అడగడానికి నోరు, వినడానికి ఓపిక ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు పదకొండు గంటల సంగతి. ఈ యంత్రాల్లో తరచుగా వాడే 68 గ్రేడు ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 68 ఉంటే, 100 డిగ్రీల దగ్గర తొమ్మిదికి పడిపోతుంది. ఇరవై టన్నుల పొక్లెయిన్‌లో ఆయిల్ పీడనం చదరపు సెంటీమీటరుకు 350 కిలోల దాకా పోతుంది. కారు టైర్లో ఉండేది రెండు కిలోల చిల్లర. అంత ఒత్తిడిని పంపు లోపల పట్టి ఉంచేది తలవెంట్రుక మందం కూడా లేని సందు. ఆ సందులోంచి చిక్కటి ఆయిల్ జారదు, పలచబడ్డది జారిపోతుంది. అందుకే పొద్దున పులిలా లేచిన యంత్రం మధ్యాహ్నానికి చతికిలబడుతుంది.

సరే, ఆయిల్ అంత ఎందుకు వేడెక్కింది? ఇక్కడే చాలామంది తొందరపడతారు. మొత్తం బండి నీరసం అనగానే పంపు పోయిందని తీర్పు చెప్పేస్తారు. ఖరీదైన కొత్త పంపు వస్తుంది. బండి లేస్తుంది కూడా. ఓనర్ ఊపిరి పీల్చుకుంటాడు. కొత్త పంపులో సందులు బిగుతుగా ఉంటాయి కాబట్టి పలచటి ఆయిల్‌ను కూడా కొన్నాళ్లు పట్టి ఉంచుతుంది. కొన్ని నెలలకు అదే పదకొండు గంటలు, అదే సుస్తి. అసలు జబ్బు రేడియేటర్ పక్కన ఉండే ఆయిల్ కూలర్ రెక్కల మధ్య, క్రషర్ దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి అట్టకట్టిన చోట, మొదటి రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. గాలి ఆడక ఆయిల్ చల్లబడటం లేదు. పొడి గాలితో, నీళ్లతో శుభ్రంగా కడిగితే తీరేదానికి ఒక పంపు బలైంది. మరమ్మతు పనిచేసినట్టు కనిపించడమే ఇందులో పెద్ద మోసం. తప్పు చికిత్సకు తాత్కాలికంగా నయమైతే, ఆ తప్పును తర్వాత ఎవరూ అనుమానించరు.

తెలుగులో నిదానం అంటే నెమ్మది. సంస్కృత వైద్యంలో అదే మాటకు రోగానికి మూలకారణమని, రోగనిర్ధారణ అని అర్థం. మాధవకరుడు రాసిన మాధవనిదానం అచ్చంగా రోగాల గుర్తింపు మీదే ఉన్న గ్రంథం. ఆ మాట తెలుగు నోట్లో ఎప్పుడు, ఎట్లా నెమ్మది అయిందో భాషావేత్తలు చెప్పాలి. కానీ ఆగిపోయిన యంత్రం ముందు కూర్చున్న మేస్త్రీని చూస్తే రెండు అర్థాలూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. అతను నెమ్మదిగా ఉన్నాడు. అందుకే కారణం దాకా వెళ్లగలుగుతున్నాడు.

ఆ నెమ్మదికి కొన్ని పద్ధతులున్నాయి. ఒక సిలిండర్ పనిచేయనప్పుడు దాని హోస్ పైపుల్ని, పక్కన బాగా పనిచేస్తున్న సిలిండర్ పైపులతో తారుమారు చేసి చూస్తారు. జబ్బు పైపుల వెంట రెండో సిలిండర్‌కు పోయిందంటే లోపం వెనక, వాల్వులోనో అంతకన్నా పైనో ఉంది. కదలకుండా మొదటి చోటే ఉండిపోయిందంటే లోపం ఆ సిలిండర్‌దే. విప్పకుండా, లోపలికి చూడకుండా, ఒక మార్పిడితో సగం యంత్రం నిర్దోషి అని తేలిపోతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసే ఆడవాళ్లు, బండ మీద సుత్తితో తట్టి పగులు ఏ దిక్కున ఉందో చెప్పే వడ్డెర పనివాళ్లు చేసేదీ ఈ కోవలోదే. పగలగొట్టకుండా లోపలి సంగతి తెలుసుకోవడం.

చెవి కూడా పరికరమే. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నాజిల్ మీదో బేరింగు మీదో ఆనించి, పిడిని చెవి ఎముకకు ఆనిస్తే లోపలి చప్పుడు విడిగా వినిపిస్తుంది. పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు మోత వస్తే ఆయిల్ అందక పంపు ఆకలితో తిరుగుతోందని, జల్లెడ మూసుకుపోయి ఉండొచ్చని గుర్తు. ఆయిల్ తెల్లగా నురగ కట్టి ఉంటే పీల్చే పైపు దగ్గర ఎక్కడో గాలి లోపలికి పోతోంది. పొగకు రంగును బట్టి భాష ఉంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు. నీలం అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే మండని డీజిలో, లోపలికి చేరిన నీళ్లో. ఇంజిన్ ఆయిల్ పోసే మూతను విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెడతారు. మూత ఎగిరెగిరి పడుతుంటే పిస్టన్ రింగులు దాటి పీడనం కిందికి దిగుతోందని, ఇంజిన్ బోరుకు వచ్చే రోజు దగ్గర పడిందని అర్థం. ఈ ప్రాంతంలో ఆ రోజు తొందరగా రావడానికి కారణం కూడా ఆ రాయే. గ్రానైటు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ మామూలు ఉక్కును గీస్తుంది. ఫిల్టర్‌ను తట్టి తట్టి వాడుకుంటూ పోతే, అట్టలో పడ్డ చిన్న చిరుగులోంచి అది నేరుగా సిలిండర్ గోడల దాకా వెళుతుంది.

జేసీబీ అన్నది 1945లో ఇంగ్లండ్‌లో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలు. పొక్లెయిన్ ఒక ఫ్రెంచి కంపెనీ. ఆ యంత్రాల్ని ఎల్ అండ్ టీ మన దేశంలో తయారుచేసిన రోజుల నుంచి, గొలుసు చక్రాల మీద నడుస్తూ తవ్వేది ఏ కంపెనీదైనా మనకు పొక్లెయినే. ఈ రెండు పేర్లూ తెలుగు మాటలైపోకముందు ఈ నేలను తవ్వింది మనుషులు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి కట్టడం. వేలాది మంది కూలీలు తట్టలు మోసి, రాళ్లు మోసి దాన్ని లేపారు. పాలమూరు లేబర్ అనే మాట దేశంలోని ప్రాజెక్టుల దగ్గరంతా తెలిసిన మాట. గుంపు మేస్త్రీ వెంట ఊళ్లకు ఊళ్లు కదిలి ఎక్కడెక్కడి కాలువలో తవ్వి వచ్చాయి. ఆ మనుషుల నడుం ఎక్కడ పట్టేసిందో, ఊపిరితిత్తుల్లో ఎంత దుమ్ము చేరిందో చూసిన గేజీ ఏదీ లేదు. ఇవాళ ఈ పల్లెల్లో తండ్రి తట్ట మోస్తే కొడుకు జేసీబీ తోలే ఇళ్లున్నాయి. ఆ జేసీబీ అప్పు మీద వచ్చింది. బండి ఆగినా కిస్తీ ఆగదు. కాబట్టి తప్పు నిర్ధారణ అంటే ఒక పంపు ఖరీదు మాత్రమే కాదు. ఆ నెల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు అందులో ఉన్నాయి. సరైన కారణం చెప్పిన మేస్త్రీ ఒక కుటుంబాన్ని నిలబెట్టినవాడు. ఈ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇప్పుడు యంత్రం తన జబ్బు తానే చెబుతుందన్న కాలం వచ్చింది. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి నాలుగో దశ, 2025 జనవరి నుంచి ఐదో దశ పొగ నిబంధనలు అమలయ్యాయి. వాటితో పాటు కంప్యూటరు, సెన్సార్లు, స్కానర్ అవసరం షెడ్డు దాకా వచ్చాయి. తెర మీద కోడ్ కనిపించగానే జబ్బు దొరికిందని సంబరపడేవాళ్లున్నారు. కానీ ఆ కోడ్‌ను కూడా నిదానంగానే చదవాలి. భారీ వాహనాల్లో వాడే జే1939 పద్ధతిలో ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని పక్కన ఎఫ్‌ఎంఐ అని ఇంకో అంకె ఉంటుంది. అది 1 అయితే ప్రెషర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోయిందని కంప్యూటరు నమ్ముతోంది, ఇంజిన్ ఆ క్షణమే ఆపాలి. అది 4 అయితే సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజి ఉండాల్సినంత లేదు, ఇంజిన్‌కు పానా పెట్టకముందు వైరును చూడాలి. మొదటి అంకె ఒక్కటే చూసి ఇంజిన్ విప్పితే, ఎక్కడో ఇనుప అంచుకు రాసుకుని చర్మం ఊడిన వైరుకు శిక్ష ఇంజిన్ అనుభవిస్తుంది. సెన్సార్ తనకు తగిలింది చెబుతుంది. ఎందుకు తగిలిందో కనుక్కోవడం ఇంకా మనిషి పనే.

వైర్ల దగ్గర కూడా విప్పకుండా తెలుసుకునే దారులున్నాయి. కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్ల చివర్లలో చెరొక 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ తప్పించి ఆ రెండు వైర్ల మధ్య మీటరు పెడితే 60 చూపాలి. 120 చూపితే ఎక్కడో దారి తెగింది లేదా ఒక రెసిస్టర్ పోయింది. ఒకే ఒక్క కొలతతో, యంత్రం పొడవునా పాకిన ఆ రెండు వైర్ల క్షేమ సమాచారం చాలావరకు తెలిసిపోతుంది.

చిన్న వైరు ఎంత పెద్ద పని చేయగలదో 2024 మార్చి 26న ప్రపంచం చూసింది. డాలీ అనే కంటెయినర్ ఓడ, దాదాపు 300 మీటర్ల పొడవుది, అమెరికాలోని బాల్టిమోర్ రేవు దాటుతుండగా కరెంటు పోయి అదుపు తప్పింది. ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొట్టింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులు. అక్కడి రవాణా భద్రతా బోర్డు చాలాకాలం వెతికి కనుక్కున్న మూలం ఒక వదులు వైరు. వైరు మీద పేరు రాసి తొడిగే చిన్న పట్టీని సరిగ్గా పెట్టకపోవడం వల్ల, ఆ వైరు టెర్మినల్‌లో పూర్తిగా దిగలేదు. వైరు ఏదో గుర్తుపట్టడానికి వేసిన పేరుపట్టీయే వైరును అడ్డుకుంది. అన్ని వేల వైర్లున్న ఓడలో దాన్ని పట్టుకోగలిగిన వాళ్ల ఓపిక చౌటుప్పల్ షెడ్డులో మీటరు పట్టుకున్న కుర్రాడి ఓపికకు అన్నలాంటిది.

చౌటుప్పల్‌లోనే ఇంకో రకం వినికిడి కూడా జరుగుతోంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఇక్కడ ఒక ప్రాంగణం ఉంది. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని ఆ సంస్థ 1964 నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. మెట్రో రైలు వస్తే దాని కరెంటు, ఇనుము కొలతల్ని చెడగొడతాయని, నిశ్శబ్దమైన చోటు వెతుక్కుంటూ 2012 ప్రాంతంలో చౌటుప్పల్ దగ్గర కొత్త కేంద్రం పెట్టారు. ఇక్కడ భూమి అయస్కాంత బలం నలభై వేల నానోటెస్లాల పైచిలుకు. మామూలు రోజున పొద్దుటికీ మధ్యాహ్నానికీ వచ్చే తేడా అందులో పదుల్లోనే ఉంటుంది. అంత పెద్ద సంఖ్యలో అంత చిన్న కదలికను పట్టుకోవాలంటే చుట్టూ రణగొణ లేకుండా చూసుకోవాలి. ఇంజిన్ ఆపించి, పక్కనున్న కంప్రెసర్‌ను కూడా కాసేపు ఆపమని బతిమాలి, చెవి ఆనించే మేస్త్రీకి ఈ బాధ బాగా తెలుసు.

అదే ప్రాంగణంలో ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి బోర్లు వేసి, గ్రానైటులో నీళ్లు ఎట్లా నడుస్తాయో ఏళ్ల తరబడి చూస్తున్నారు. గట్టి రాతిలో నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరలో, దాని కింద పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ నీళ్లిచ్చే పగుళ్లు అరుదవుతాయి. ఒక బోరులోంచి నీళ్లు తోడుతూ పక్క బోరులో మట్టం ఎంత పడిందో, ఎంతసేపటికి పడిందో చూసి, కనిపించని పగుళ్లు ఎట్లా కలిసి ఉన్నాయో గీస్తారు. ఒకచోట కదిలించి ఇంకోచోట చూడటం. షెడ్డులో హోస్ పైపులు తారుమారు చేసే మేస్త్రీ లెక్క, ఈ శాస్త్రవేత్తల లెక్క ఒకే బడిలో నేర్చుకున్నట్టుంటాయి. ఇదే ఊళ్లో బోరుబండి పెట్టించుకున్న రైతు, నీళ్లు పడక ఇంకో వంద అడుగులు, ఇంకో వంద అడుగులు అంటూ పోవడం మాత్రం పార్టు మీద పార్టు మార్చుకుంటూ పోయే ఓనర్ కథను గుర్తుచేస్తుంది. బోర్ల కోసం చేసిన అప్పులు తీర్చలేక పోయిన ప్రాణాలు ఈ జిల్లాకు తెలుసు.

తొందర ఇంకో రకంగా కూడా ప్రాణం తీస్తుంది. లేచి ఉన్న బూము కింద, పైకెత్తిన టిప్పర్ తొట్టి కింద, ఆసరా దిమ్మె పెట్టకుండా దూరడం మన షెడ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. హోస్ పైపు విప్పిన క్షణంలో టన్నుల బరువు కిందికి వస్తుంది. పైపుకు సూది మొనంత చిల్లు పడిందేమోనని చేత్తో తడిమేవాళ్లున్నారు. అంత పీడనంతో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట దోమకాటంత గుర్తే ఉంటుంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, చెయ్యి పోవచ్చు. చిల్లు వెతకడానికి అట్టముక్క పట్టాలి, చెయ్యి పెట్టకూడదు. ఈ ఒక్క సంగతి ప్రతి షెడ్డు గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఉండాలి. పదహారేళ్లకే హెల్పర్‌గా చేరుతున్న పిల్లలకు ఇంగ్లిష్ మాన్యువల్‌లో ఎర్ర అక్షరాల హెచ్చరిక చదవడం రాదు. బిహార్ నుంచో జార్ఖండ్ నుంచో వచ్చిన ఆపరేటర్‌కు అదీ రాదు, తెలుగూ రాదు. వాళ్లకు బొమ్మ గీసి చూపించాలి.

రాసుకోవడం గురించి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒక బండి ఏ గంట రీడింగు దగ్గర ఏమని ఆగింది, ఏం అనుకున్నారు, చివరికి ఏం తేలింది అని మూడు గడులు గీసి రాసుకునే మేస్త్రీలు కొద్దిమంది ఉంటారు. రెండో గడిలో ఉన్నదానికీ మూడో గడిలో ఉన్నదానికీ ఎన్నిసార్లు పొంతన కుదరలేదో ఆ నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివే కుర్రాడికి అలాంటి పుస్తకం ఒక్కటి దొరికినా ఏళ్ల అనుభవం అరచేతికి వచ్చినట్టే. చెవుల్లో, వేళ్లలో ఉన్న ఈ చదువు ఒక్కో మేస్త్రీతో పాటు ఇంటికి వెళ్లిపోతోంది. తెలుగులో దాన్ని అక్షరం చేసే పని ఇంకా సరిగ్గా మొదలు కాలేదు.

మధ్యాహ్నం రెండు గంటలవుతుంది. షెడ్డు దగ్గర ఇంకో బండి, జేసీబీ. దీని జబ్బు వేరు, లేచిన బూము ఆగిన చోట ఆగకుండా మెల్లగా కిందికి జారుతోంది. సీలు పోయిందా, వాల్వు లోపల కారుతోందా? ఓనర్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, అవతల స్పేర్ పార్ట్స్ దుకాణం లైన్లో ఉంది.

"సీలు కిట్టు చెప్పాల్నా మేస్త్రీ?"

మేస్త్రీ జవాబు చెప్పడు. బండిని చదునైన చోట పెట్టిస్తాడు. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే బూము ఎత్తించి ఇంజిన్ ఆపిస్తాడు. హెల్పర్ పిల్లవాణ్ణి భుజం పట్టి బూము నీడలోంచి ఇవతలికి లాగుతాడు. అంతకుముందే మెరిసే సిలిండర్ రాడ్డు మీద, సీలు అంచు దగ్గర, నల్ల మార్కర్‌తో ఒక గీత పెట్టి ఉంచాడు. ఫోన్‌లో టైము చూస్తాడు.

"పది నిమిషాలు ఆగన్నా."

హైవే మీద టిప్పర్లు పోతూనే ఉన్నాయి. ముగ్గురూ దూరంగా వేపచెట్టు కింద నిలబడి ఆ గీతనే చూస్తున్నారు.